చెట్టెక్కిన అసెన్సియా

మా లోయలో ద్రాక్ష పందిరి మీద పాకదు, చెట్టెక్కుతుంది. మోయె అంటే మిరియాల్లాంటి కారం కాయలు కాసే చెట్టు. ఒక్కో మోయె చెట్టుకి ఒక్కో పాదు. మా ముత్తాతల కంటే ముందువాళ్లెవరో చెట్టు నాటి, దాని మొదట్లో పాదు పెట్టారు. అది చెట్టుని పట్టుకుని పైపైకి పోయింది. గుత్తులు ఇంటికప్పు ఎత్తున వేలాడతాయి కాబట్టి కత్తిరింపుకీ నిచ్చెనే, కోతకీ నిచ్చెనే. ఎక్కేది మగాళ్లు. కింద నిలబడి నరికిన పుల్లలు ఏరేది ఆడాళ్లు. ఆడది ఎక్కితే పాదు గొడ్డుపోతుందని మా నమ్మకం. నేనూ నమ్మాను. అరవై ఒక్క ఏళ్లు నమ్మాను, అందులో దాచుకునేదేముంది?

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. మా ఊరు మోయెపుంకులో ఆ ఉలిపికట్టె అసెన్సియా యూక్ర. మా పెద్దమ్మాయి బాప్టిజంలో బిడ్డని నీళ్ల తొట్టి మీద ఎత్తి పట్టుకుంది ఆవిడే. ఆవిడ మొగుడు లాసరో నాకు సొంత అన్న కంటే ఎక్కువ. అందుకని ఆవిడని వదినా అంటాను. వదిన అన్నాను కదా అని మెచ్చుకుంటున్నాననుకోకండి. ఆవిడ నోటి వల్ల నేను పడ్డ అవమానాలు చెప్పుకుంటే ఈ కథ చాలదు.

వాళ్లమ్మ దొరగారి తొట్టిలో వైను కోసం ద్రాక్ష తొక్కేది. అసెన్సియా నడక నేర్చింది ఆ తొట్టి గోడ పట్టుకునేనట. దొరల భూములు పంచిన ఏడాది ఆమెకి నాలుగేళ్లు. కొలతల గుమస్తా వచ్చి నేల కొలిచాడు, రాసుకున్నాడు, పోబోయాడు. వాళ్ల నాన్న అతని గాడిదకి అడ్డంగా దారిలో కూర్చున్నాడు. "నేల రాశావు. చెట్లు రాయలేదు. చెట్లు లేని ఈ నేల నాకెందుకు?" అన్నాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. చివరికి గుమస్తా తిట్టుకుంటూ గాడిద దిగి రాశాడు, నలభై ఒక్క మోయె చెట్లు, నలభై ఒక్క పాదులు అని. మొండితనం ఆ ఇంట్లో అప్పటికే ఉంది. వదినకి అది కొత్తగా అబ్బిందేమీ కాదు.

పందొమ్మిదో ఏట లాసరోని చేసుకుంది. లాసరో చేతులు పొడుగు, మాట పొట్టి. కత్తిరింపులప్పుడు అతను నిచ్చెన మీద, ఆవిడ కింద. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మెడ వెనక్కి విరుచుకుని పొద్దస్తమానం అరిచేది. పక్క తోట నాదే. గోడ అవతల నుంచి ముప్పై ఏళ్లు విన్నాను ఆ అరుపు. "లాసరో కత్తెర పట్టుకుంటాడు, అసెన్సియా లాసరోని పట్టుకుంటుంది" అని నవ్వుకునేవాళ్లం. కానీ లాసరో కత్తిరింపు అంటే లోయ మొత్తానికి పేరు. మాకు ద్రాక్షలో మూడు రకాలున్నాయి. నల్ల మిసియోనెరా, తెల్ల మోస్కటెల్, ఇంకా విస్చోకేన్యా. మోస్కటెల్ తీగని పొట్టిగా కొయ్యాలి. విస్చోకేన్యా అలా కాదు, దాని కాపు తీగ చివర్లో ఉంటుంది. పొడుగ్గా వదిలితేనే కాస్తుంది. లాసరో చెయ్యి పడితే ఏ రకమైనా విరగకాసేది.

మా వైపు చలి జూలై, ఆగస్టుల్లో, కత్తిరింపులూ అప్పుడే. మూడేళ్ల కిందట ఆ కత్తిరింపుల్లోనే లాసరో నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత రెండు శీతాకాలాలు వదిన చెట్లు మేమే కత్తిరించాం, బదులు పని కింద. ఇవాళ నీ తోటలో నేను, రేపు నా తోటలో నువ్వు. దానికి బదులుగా ఆవిడ కోతలప్పుడు మా అందరికీ వండి పెట్టేది, మా తొట్లు తొక్కేది. ఎవరికీ ఏ పేచీ లేదు.

ఈ పేచీ తెచ్చింది కొత్త ద్రాక్ష పథకం పట్టుకొచ్చిన ఇంజినీరు. జూలై చివర్లో బడి వరండాలో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు చూపించాడు. మోయె చెట్లు కొట్టేసి సిమెంటు స్తంభాలు పాతుతారట. వాటికి ఇనప తీగలు. పాత పాదులు పీకేసి తన్నాత్, మాల్బెక్ అనే పైదేశపు ద్రాక్ష మొక్కలు ఉచితంగా ఇస్తారట. చుక్కచుక్కగా నీళ్లు పెట్టే గొట్టాలు కూడా. ఒకటే షరతు. పై కాలవ మీదున్న పదిహేడు తోటలూ ఒకే ముక్కగా ఉండాలి, మధ్యలో ఒక్క చెట్టు మిగలకూడదు. వదిన తోట సరిగ్గా మధ్యలో ఉంది.

నాకు ఆ బొమ్మలు చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నడుం ఎత్తున పాదులు! నేల మీద నిలబడి కోసుకోవచ్చు! నా మోకాళ్లు అరిగిపోయి చాలా ఏళ్లయింది. నిచ్చెన చూస్తేనే నాకు చెమట పడుతుంది. ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తాను.

వదిన వెనక నుంచి లేచింది. "నా చెట్లు నేను కొట్టను."

ఇంజినీరు మర్యాదస్తుడు. "దోన్యా అసెన్సియా, మీ విస్చోకేన్యా పేరు బయట ఎవరికీ తెలియదండీ. మాల్బెక్ అంటే లోకమంతా కొంటుంది."

"లోకానికి తెలియకపోతే వెళ్లి లోకానికి చెప్పు నాయనా. నాకు చెప్తావేం? నాకు తెలుసుగా."

మా సంఘం ప్రెసిడెంటు వాల్దోకి ఒళ్లు మండింది. "అది కాదు వదినా. లాసరోని మింగింది ఆ చెట్టే కదా! ఇంకా దాన్నే పట్టుకుని వేలాడతావా?"

వదిన అతని వైపు తిరిగింది. "లాసరోని మింగింది చెట్టు కాదు. ఆ పొద్దున నువ్వు పోసిన సింగాని సారా. మీ నాన్న బస్సు కింద పడి చనిపోయాడు. నువ్వు బస్సెక్కడం మానేశావా వాల్దో?"

ఆడాళ్లు శాలువల చాటున నవ్వారు. మగాళ్లు బూట్ల వైపు చూసుకున్నారు. ఇంజినీరు వచ్చే మే నెల దాకా గడువిచ్చి జీపెక్కాడు.

ఆ ఆదివారం వాల్దో ఇంట్లో మగాళ్లం చేరాం. సంఘానికి పాత నియమం ఒకటుంది. ఒక ఏడాది పని జరగని తోటకి నీటి వంతు పోతుంది. నీటి వంతు పోతే మా ఎర్ర కొండల మధ్య తోట బతకదు. "మనం ఆవిడతో కొట్లాడక్కర్లేదు. ఈ ఏడాది ఆవిడ చెట్లు ఎవరం ఎక్కొద్దు, అంతే. ఆగస్టు చివరికి పాదుల్లో రసం లేస్తుంది. ఆ తర్వాత కత్తెర పెట్టి లాభం లేదు. తనంతట తనే వచ్చి సంతకం పెడుతుంది" అన్నాడు వాల్దో. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ముందు ఊపింది నేనేనేమో కూడా.

మాట ఆ సాయంత్రమే ఆవిడకి చేరింది. మా ఊళ్లో గోడలకి చెవులే కాదు, కాళ్లు కూడా ఉన్నాయి. మర్నాడు పొద్దున వదిన లాసరో పాంటు తొడుక్కుని, తాడుతో నడుం బిగించి, కాలవ గట్టు మీదున్న విస్చోకేన్యా చెట్టుకి నిచ్చెన వేసింది. ఆ చెట్టు అన్నిట్లోకీ పాతది. ఎక్కేదేమో అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఊరు ఊరంతా గోడ మీద మోచేతులానించి చూశాం. ఎవడో ఈల కూడా వేశాడు. ఆవిడ వినిపించుకోలేదు. మధ్యాహ్నం దాకా పైనుంచి పుల్లలు రాలుతూనే ఉన్నాయి.

దిగింది. నాలుగడుగులు వెనక్కి వేసి మెడ విరిచి పైకి చూసింది.

మాకూ కనబడింది. చెట్టు బోడి. కాపు తీగలన్నీ కింద పడున్నాయి, ఉంచకూడనివి పైన మిగిలాయి. కింద నుంచి చూస్తే తీగల మధ్య వెలుగు కనబడుతుంది, ఏది పొడుగో ఏది మురిగిందో తెలుస్తుంది. పైకెక్కితే అంతా చిక్కుపడ్డ నూలే, మొహానికి తగిలిందే కనబడుతుంది. నలభై ఏళ్లు కింద నిలబడ్డ మనిషి ఆ సంగతి పైకెక్కాక తెలుసుకుంది. ఆ తప్పు చెయ్యాలంటే నలభై ఏళ్లు నిచ్చెన కింద నిలబడ్డవాళ్లే చెయ్యాలి.

"చెప్పాంగా!" అన్నాడు వాల్దో గోడ మీంచి. "ఆడది ఎక్కింది, గొడ్డుపోయింది!"

వదిన నిచ్చెన భుజాన వేసుకుని లోపలికి పోయింది.

మరుసటి పొద్దున మా ఇంటికొచ్చింది. చేతిలో నేసిన గుడ్డ, గుడ్డలో కోకా ఆకు, చంకలో సింగాని సీసా. బదులు పనికి పిలవాలంటే మా పద్ధతి అదే. గుడ్డ పరుస్తారు, ఒకసారే అడుగుతారు. ఆకు తీసి బుగ్గన పెట్టుకున్నవాడు మాటిచ్చినట్టు. ఆ తర్వాత వాడి కాలు విరిగినా రావాల్సిందే.

ఆవిడ నేల మీద గుడ్డ పరిచింది. "మరిదీ, కింద నిలబడటం నాకొచ్చు. పైన ఉండటం రాదు. నిన్న తెలిసింది. పైన రెండు చేతులు కావాలి."

"ఊరు ఒక మాట అనుకుంది వదినా."

"ఊరు అనుకుంది సరే. నువ్వేమనుకున్నావు?"

"ఊళ్లో ఉన్నాక ఊరి మాట..."

"మీ అమ్మాయిని తొట్టి మీద ఎత్తి పట్టుకున్నప్పుడు ఊరినడిగి పట్టుకున్నానా?"

నేను గోడ మీద సున్నం ఎక్కడెక్కడ ఊడిందో చూస్తూ కూర్చున్నాను. అంతకంటే నీచమైన పని నా జన్మలో చేయలేదు. ఆకు ముట్టుకోలేదు. వదిన గుడ్డ మడవలేదు, లేవలేదు.

అప్పుడు మా ఆవిడ ప్రిమితివా వంటింట్లోంచి వచ్చింది. మొక్కజొన్న ఒలుస్తున్న చేతులు లంగాకి తుడుచుకుంది. వంగి, చిటికెడు ఆకు తీసి, బుగ్గన పెట్టుకుంది.

"నిన్నెవరడిగారే?" అన్నాను.

"గుడ్డ ఈ ఇంట్లో పరిచారు. ఇల్లు నాది కూడా" అంది నములుతూ.

తెల్లారి లేచేసరికి నా పాంటు లేదు. ఉన్నవి రెండే, ఒకటి ఉతికి ఆరేసుంది. తడి పాంటు తొడుక్కుని, ఆగస్టు చలిలో వణుక్కుంటూ, పెళ్లాన్ని ఇంటికి తెచ్చుకుందామని బయల్దేరాను.

దూరం నుంచే కనబడింది. కింది కొమ్మకి ప్రిమితివా లంగా తగిలించి ఉంది. పైన నా పాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, జడలు రెండూ వీపు మీద ముడేసుకుని, కత్తెరతో మా ఆవిడ. యాభై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ అటక కూడా ఎక్కిన మనిషి కాదు. కింద వదిన, చేతులు నడుం మీద.

"ఎడమ పక్కది కాదు, దాని కిందది. వంకర తిరిగింది చూడు, అది కాపు తీగ, విస్చోకేన్యా కదా, పొడుగ్గా ఉండనీ. పక్కది తీసెయ్. ఆగు. ఆగమన్నానా!"

"ఆగానమ్మా! నువ్వలా అరిస్తే నేనే రాలిపోతాను!"

నేను గోడ దగ్గర ఆగిపోయాను. ఆ గొంతు, ఆ మాటలు, ఆ వరస. ముప్పై ఏళ్లు మొగుణ్ణి సాధిస్తోందనుకున్నది ఇదే. లాసరో చెయ్యి అని లోయంతా పొగిడిన చెయ్యి వెనక కళ్లు ఈవిడవి. లాసరో ఏనాడూ చెప్పలేదు, మేం ఏనాడూ అడగలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాలాంటి మగాడు ఏం చేస్తాడు? అరుస్తాడు.

"దిగవే కిందకి! పాదులు గొడ్డుపోతాయి!"

"పోతే ఆ పాపం నీ పాంటుది!" అంది ప్రిమితివా పైనుంచి. "ఎక్కింది అదే!"

"నా పాంటు నాకిచ్చెయ్!"

"ఇక్కడే విప్పమంటావా?"

కాలవలో బట్టలు ఉతుకుతున్న ఆడాళ్లందరూ పగలబడి నవ్వారు. నేను తడి పాంటుతోనే వెనక్కి తిరిగాను. ఆ నవ్విన వాళ్లలో ఇద్దరు మర్నాడు పొద్దున మొగుళ్ల పాంట్లు తొడుక్కుని వదిన తోటలో ఉన్నారు. వారం తిరిగేసరికి ఏడుగురు. వదిన ఒక చెట్టు కింద నుంచి ఇంకో చెట్టు కిందకి పరిగెడుతూ అరిచేది. ఆగస్టు ఇరవై ఏడుకి మిగిలిన నలభై చెట్లూ అయిపోయాయి. ఇరవై తొమ్మిదిన నరికిన చోట్ల మొదటి రసం చుక్క కనబడింది.

సెప్టెంబరు నుంచి మా మగాళ్లకి ఆ తోట వైపు ఏదో ఒక పని తగిలేది. మేక తప్పిపోయేది, గొడ్డలి మర్చిపోయేవాళ్లం. వెళ్లి తలెత్తి చూసేవాళ్లం. చిగుళ్లు వచ్చాయి. నవంబరులో పూత వచ్చింది. కాలవ గట్టు మీద పాతచెట్టు మాత్రం ఆకులే తప్ప ఏమీ వెయ్యలేదు. వాల్దో వచ్చినవాడికల్లా దాన్నే చూపించేవాడు. "ఏదీ, ఇదేంటో చెప్పమనండి ఆవిణ్ణి!"

వదిన ఓ రోజు గోడ దగ్గరికొచ్చి అతని మొహం మీదే చెప్పింది. "అది నేను చెడగొట్టిన చెట్టు. తప్పు కత్తెరది, నాది. లంగాది కాదు. నీకంత అనుమానంగా ఉంటే మిగతా నలభై చూడు."

మిగతా నలభై చూశాం. అద్భుతమేమీ జరగలేదు. ఎప్పటిలాగే కాశాయి. ఆ ఎప్పటిలాగే అన్నదే మాకు గొంతులో అడ్డం పడింది. విరగకాస్తే దేవుడు చేశాడనేవాళ్లం, ఎండిపోతే మేం చెప్పామనేవాళ్లం. ఎప్పటిలాగే కాస్తే ఏమంటాం? మార్చిలో కోతలకి మళ్లీ ఆ పాంట్లే ఎక్కాయి.

ఏప్రిల్‌లో వదిన కొత్త వైను ఒక్కో కూజా నింపి, తన చెట్లు ఎక్కనన్న మగాడు ఉన్న ప్రతి ఇంటికీ పంపించింది. మా ఇంటికి ప్రిమితివానే తెచ్చింది. విస్చోకేన్యా వైను. రంగు పల్చన, ఎరుపు. వాసనలో మోయె కాయల కారం. మాల్బెక్‌లో ఆ కారం ఎక్కడిది, సిమెంటు స్తంభానికి కాయలు కాయవుగా. పులిసిపోయిందని చెబుదామని నోట్లో పోసుకున్నాను. చెప్పలేకపోయాను. కూజా ఖాళీ చేసి, గోడవారగా బోర్లించి, బయటికి పోయాను.

అలాగని నా మనసు మారిందనుకోకండి. మోకాళ్లు మోకాళ్లే. మేలో ఇంజినీరు కాగితాలతో వచ్చినప్పుడు మళ్లీ ముందు వరసలోనే కూర్చున్నాను. పట్టాలు మొగుడూ పెళ్లాల ఇద్దరి పేరునా ఉంటాయి కాబట్టి ఇంటికి రెండు సంతకాలు కావాలన్నాడు. వదినని చివరికి ఉంచాడు వాల్దో. పదహారు ఇళ్ల సంతకాలు చూస్తే ఆవిడే మెత్తబడుతుందని అతని లెక్క.

మొదటి పేరు నాదే పిలిచారు. పెట్టాను. పెన్ను ప్రిమితివాకిచ్చాను. ఆమె కాగితం వంక కాసేపు చూసి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నేను పెట్టను."

"నీ మొగుడు పెట్టాడుగా!" అన్నాడు వాల్దో.

"అతను అతని మోకాళ్ల కోసం పెట్టాడు. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఏ తీగ ఉంచాలో ఏది తియ్యాలో ఇన్నాళ్లకి తెలిసింది. తెలిశాక కొట్టేస్తారా?"

వెనక నుంచి ఇంకో ఆడగొంతు "నేనూ పెట్టను" అంది. ఆ తర్వాత ఇంకోటి. పాంట్లు తొడిగినవాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఎక్కనివాళ్లు కూడా ఒకరిద్దరు లేచారు. వాళ్ల మొగుళ్లు వాళ్ల చేతులు పట్టి లాగుతున్నారు, వాళ్లు కూర్చోవడం లేదు. ఇంజినీరు కాగితాలు సర్దుకోవడం మొదలెట్టాడు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, ఊరంతా చూస్తుండగా. పెన్ను తీసుకుని వదిన దగ్గరికి వెళ్లాను. "నీకు నవ్వులాటగా ఉందేమో వదినా. పొద్దున లేచి మా ఇంటి మెట్టు దిగలేకపోతున్నాను నేను. లాసరో పడ్డాడు. రేపు నేను పడతాను. ఇంకా ఎన్నాళ్లు ఎక్కమంటావు నన్ను?"

ఆవిడ నవ్వలేదు. నా మోకాళ్ల వైపు చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది.

"నీ మోకాళ్లు పోతే నువ్వు దిగు మరిదీ. చెట్టెందుకు దిగాలి?"

ఇంజినీరు పెన్ను కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు. ముందు బల్ల దగ్గరికి పోయి, కాగితం మీద నా పేరు వెతికి, దాని మీద అడ్డంగా ఒక గీత గీశాను.